సుంకులమ్మ కొళాయి దగ్గరికి వెళ్లింది

ఈ గ్రహం మీద దిగిన ముప్పై ఒకటో ఏడు, 112వ రోజు

ఆసుపత్రి నుంచి ఈ నెల జాబితా వచ్చింది. చేతులు కాలినవాళ్లు ముగ్గురు. ముగ్గురికీ జరిగింది ఒకటే. ఇంట్లో చెడ్డ గాలిని బాగుచేసే ఊపిరిపెట్టెలో పొడి పనికిరాకుండా పోయింది, గిన్నె బయటికి తీశారు, పాత పొడి దులిపేశారు, గిన్నె కడిగారు. అడుగున అంటుకున్న పొడికి నీళ్లు తగలగానే అది కుతకుతా ఉడికి పైకి చిమ్మింది.

కడగకూడదని పుస్తకంలో ఉంది. పద్నాలుగో పేజీ, మూడో పేరా. రాసింది నేనే. నేల కింద కట్టిన ఈ కింది ఊళ్లో ప్రతి ఇంటికీ ఊపిరిపెట్టెతో పాటు ఇచ్చే ముప్పై ఆరు పేజీల పుస్తకాన్ని తొమ్మిదేళ్లుగా నేనే రాస్తున్నాను, నేనే దిద్దుతున్నాను.

దాన్ని ఎవరూ చదవరు. ఇది నా అనుమానం కాదు, పరీక్షించి చూశాను. పోయిన ఏడు తొమ్మిదో పేజీ మధ్యలో ఒక వాక్యం చేర్చాను. ఇది చదివినవారు పొడి డిపోకు వచ్చి పేరు చెబితే అరకిలో బెల్లం ఇస్తామని. మొత్తం నాలుగు వేల రెండు వందల ఇళ్లు. ఇక్కడ బెల్లం పండక్కి కూడా దొరకదు. ఏడాది మొత్తంలో వచ్చింది ఒక్కరు, రిటైరైన ఒక అయ్యవారు. ఆయనైనా బెల్లం కోసం రాలేదు. ఆ పేజీలో ‘కవాటం’ అన్న మాట తప్పుగా అచ్చయిందని చెప్పడానికి వచ్చారు. బెల్లం సంగతి గుర్తుచేస్తే, చక్కెర జబ్బు ఉంది, వద్దన్నారు.

ఉద్యోగులంతా రోజుపుస్తకం రాయాలని ఊరి సభ నియమం. దీన్ని కూడా ఎవరూ చదవరు. అందుకే ఇందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

115వ రోజు

మా పుస్తకాల విభాగానికి పెద్ద, మద్దిలేటి సార్. చెడ్డవాడు కాదు, అలసిపోయిన మనిషి. కాలిన చేతుల లెక్క సభలో ఆయన్నే అడుగుతారు. ఈ రోజు నన్ను పిలిచి ముందు టీ ఇప్పించారు. టీ ఇప్పించారంటే పని కష్టమైనదని అర్థం.

పుస్తకాన్ని జనం ఇష్టపడి చదివేలా మార్చాలట. ఎలా అని అడిగాను.

“చదివితే నవ్వన్నా రావాల, ఏడుపన్నా రావాల. రెండూ రాకపోతే ఎవురు చదువుతారు చౌడమ్మా?”

ఊపిరిపెట్టె గురించి నవ్వు ఎలా వస్తుందని అడిగాను. అది కనిపెట్టడానికే కదా నువ్వు ఉన్నావన్నారు.

122వ రోజు

వారంలో మూడు పద్ధతులు చూశాను. పద్యాలు రాస్తే నాకే సిగ్గేసింది. పొడుపుకథలు రాస్తే అచ్చు పనివాళ్లు విప్పలేక వాదులాడుకుని సగం రోజు పని ఆపేశారు. పక్క బల్ల ఇంజనీరుకు హాస్య సంభాషణ ఒకటి వినిపించాను. ఆయన చాలా గంభీరంగా విని, మూడో అంశంలో ఉష్ణోగ్రత రాయలేదన్నారు.

తలనొప్పితో ఆరో వరుసలో ఉన్న ఖాజాబీ ఆవిరి వంటశాలకు వెళ్లాను. ఇక్కడ నిప్పు నిషేధం కాబట్టి వంటంతా ఆవిరి గొట్టాల మీదే. నేను మధ్యాహ్నం తినేది అక్కడే. ఖాజాబీ ఒక్కతే తెడ్డు వేసి ఇరవై మందికి సరిపడా సంగటి కెలుకుతూ, పక్కింటావిడ అత్తగారితో ఎలా పోట్లాడిందో చెబుతోంది. పళ్లేల్లో సంగటి చల్లారిపోతున్నా ఎవరూ ముట్టడం లేదు. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు.

తిరిగొచ్చి, నోరూ తెలివీ ఉన్న కోడలు ఒకామెను పుట్టించాను. పేరు సుంకులమ్మ.

133వ రోజు

పొడి పొట్లం డిపోలో ఇరవై రోజులకోసారి ఇస్తారు. మొన్న 131న పొట్లంతో పాటు ఒక్క కాగితం పంపాము. మొదటి భాగం. సుంకులమ్మ అత్తగారితో గొడవ పడుతూనే పెట్టె పైకిటికీ తెరుస్తుంది, పచ్చదీపం వెలిగేదాకా మాటలతో ఆవిడను నిలబెడుతుంది, ఆ తర్వాతే మూత తీస్తుంది. తొందరపడి మూత కొంచెం ఎత్తిన అత్తగారు దగ్గుతుంది, సుంకులమ్మ గెలుస్తుంది.

ఈ రోజు ఖాజాబీ ఆ కాగితాన్ని వంటశాలలో పైకి చదివి వినిపించింది. అత్తగారి గొంతు ఒకలా, కోడలి గొంతు ఇంకోలా. జనం పడి పడి నవ్వారు. రాసేవాళ్ల పేరు వేయకూడదని మా విభాగం నియమం. అందుకని నేను తల వంచుకుని తిన్నాను. తొమ్మిదేళ్లలో నా మాట ఒకటి ఇంకొకరి నోట వినడం ఇదే మొదటిసారి.

156వ రోజు

రెండో భాగం కూడా పోయింది. అందులో గిన్నెను ఎలా తిప్పి బయటికి లాగాలో ఉంది. తనిఖీవాళ్లు వంద ఇళ్లు చూసి వచ్చారు. పైకిటికీ తెరిచి ఉంచుతున్నవాళ్లు నూటికి ఇరవై నుంచి ఎనభైకి పెరిగారట. సుంకులమ్మ ఎలా చేస్తే అలా చేస్తున్నామని చెబుతున్నారట.

మద్దిలేటి సార్ మళ్లీ టీ ఇప్పించారు. ఈసారి పని ఏమీ చెప్పలేదు.

168వ రోజు

మూడో భాగం గొడవ. ఇందులో గిన్నె సంగతి వస్తుంది. నేను పూర్తిగానే రాశాను. సుంకులమ్మ ఖాళీ గిన్నె కడగబోతుంది, పక్కింటి ముసలామె చెయ్యి పట్టుకుని ఆపుతుంది. ఈ ఒక్కసారి మాత్రం సుంకులమ్మ ఓడిపోతుంది. గిన్నెను పొడిగుడ్డతో తుడుస్తుంది.

మద్దిలేటి సార్ కాగితం మధ్యలో అడ్డంగా గీత గీశారు. కింది సగం నాలుగో భాగానికి అన్నారు. ఆయన చెప్పిన కారణాలు రెండు. పొట్లానికి ఒక్క కాగితమే కేటాయింపు, నేను రాసింది ఒకటిన్నర. రెండోది, జనం పొట్లం తీసుకోవడానికి అయిదు రోజులు, పది రోజులు ఆలస్యంగా వస్తున్నారు. ఆ పది రోజులూ ఇంట్లో చెడ్డ గాలే పీలుస్తున్నారు. తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రం ఉంటే గడువు రోజుకే డిపోకు పరిగెత్తుకొస్తారు.

రెండూ నిజమే. అందుకే నాకు ఇంకా చిరాకు వేసింది. గంటసేపు వాదించాను. పైన అత్తగారి మాటలు నాలుగు వాక్యాలు తీసేద్దామన్నాను. అవి తీస్తే ఇంకేం మిగులుతుందన్నారు. కడగవద్దన్న ఒక్క ముక్క అడుగున వేద్దామన్నాను. వేస్తే కథ చెప్పేసినట్టే కదా అన్నారు. చివరికి ఆయన, పద్నాలుగో పేజీలో ఎలాగూ ఉంది కదా చౌడమ్మా, అన్నారు.

ఆ పేజీ ఎవరూ చదవరని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. అయినా సంతకం చేశాను. నాకు ఆకలిగా ఉంది, గంట నుంచి నిలబడి ఉన్నాను. పైగా నాలుగో భాగం కోసం జనం ఎదురుచూస్తారన్న మాట నాకు కూడా నచ్చింది. ఈ చివరి కారణం ఇక్కడ తప్ప ఇంకెక్కడా రాయలేను.

కాగితం ఇలా ముగిసింది: ‘ఖాళీ గిన్నె చేతపట్టుకుని సుంకులమ్మ కొళాయి దగ్గరికి వెళ్లింది. తరువాత ఏం జరిగిందో వచ్చే పొట్లంలో.’

173వ రోజు

పొట్లాలు ఇచ్చి రెండు రోజులైంది. ఆసుపత్రి నుంచి మనిషి వచ్చాడు. పదకొండు మంది.

పరిగెత్తాను. నర్సు రిబ్కమ్మ కట్లు కడుతూనే మాట్లాడింది. ఇంతకుముందు వచ్చినవాళ్లను అడిగితే, తెలియక కడిగినామని చెప్పేవాళ్లట. ఇప్పుడు అందరిదీ ఒకటే మాట.

“కాగితంలో ఉంది కదా అంటాండారు. సుంకులమ్మ కడిగింది, మేమూ కడిగినాం అంటాండారు. ఎవురమ్మా ఆ సుంకులమ్మ? నాకు దొరికితే అడుగుతా.”

తొమ్మిదేళ్లు ఎవరూ చదవకపోతే నెలకు ముగ్గురు. అందరూ చదివితే రెండు రోజులకు పదకొండు మంది.

అక్కడి నుంచి నేరుగా మద్దిలేటి సార్ గదికి వెళ్లాను. ఈ రోజే సవరణ చీటీ వేయాలన్నాను. అచ్చు కాగితం సభ అనుమతితోనే ఇస్తారు, సభ కూర్చునేది 178న. దారి గొట్టాల్లోని మైకును, పైన ఎండ ముదిరిందన్న హెచ్చరికకు తప్ప వాడకూడదు. ఆయన అప్పటికే రెండు చోట్లా అడిగి వచ్చారట. రెండు చోట్లా దరఖాస్తు రాసి ఇమ్మన్నారట. రాసి ఇచ్చారు.

కొత్త పొడి ఇంకా మార్చని ఇళ్లు సగానికి పైగా ఉంటాయి. దరఖాస్తు మాత్రం సభ పెట్టెలో ఉంది.

175వ రోజు

నిన్నా ఈ రోజూ ఇంటింటికీ తిరిగాను. నాలుగు వేల ఇళ్లలో నా కాళ్లు మోసింది నూట ముప్పై.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తలుపు తీస్తారు. సుంకులమ్మ కాగితం గురించి వచ్చానంటే మొహం వెలిగిపోతుంది, లోపలికి రమ్మంటారు. గిన్నె కడగొద్దని చెప్పబోతే చెవులు మూసుకుంటారు. ముందే చెప్పేస్తే మజా పోతుందట. ఒకామె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పిల్లలు నిద్రపోయాక తర్వాతి భాగం ఏమై ఉంటుందని మొగుడూ పెళ్లాం పందెం వేసుకున్నారట. నేను చెప్పేస్తే పందెం చెడిపోతుందట. కథ కాదమ్మా, మీ చేతులు కాలుతాయి, అని గట్టిగా చెప్పాను. అప్పుడు కూడా ఆమె భర్త నవ్వుతూ, అయితే అత్త చేతులు కాలతాయన్నమాట, నేనే గెలిచినా, అన్నాడు.

మరొక ఇంట్లో పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. సుంకులమ్మ తప్పు చేసే మనిషి కాదు, మూడు భాగాలూ చూశాను, నువ్వెవరు చెప్పడానికి, అని తలుపు వేశాడు.

నేనే రాశానని మూసిన తలుపుతో చెప్పాను.

176వ రోజు

మధ్యాహ్నం వంటశాల మూసి ఉంది. ఎవరినీ అడగలేదు. ఆసుపత్రికే వెళ్లాను.

ఖాజాబీ కిటికీ పక్క మంచం మీద ఉంది. రెండు కళ్లకూ కట్టు, కుడిచేయి మోచేతి దాకా కట్టు. ఎడమ కన్ను నిలుస్తుందట. కుడి కన్ను గురించి రిబ్కమ్మ తల అడ్డంగా ఊపింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎవరని అడిగింది. రోజూ మధ్యాహ్నం తినడానికి వచ్చే చౌడేశ్వరినని చెప్పాను. గుర్తుపట్టింది. ఊరగాయ వద్దనే చౌడమ్మా, అని నవ్వింది. ఇల్లు ఎవరు చూసుకుంటున్నారో అడిగాను, చెప్పింది.

“కొళాయి కాడికి పోయినాక ఏమయింది మే? ఆఫీసుల్లో ఉంటావు గదా, నీకేమన్నా తెలుసునా?”

సుంకులమ్మ కడగలేదని చెప్పాను. పక్కింటామె ఆపిందని, గుడ్డతో తుడిచిందని చెప్పాను. ఖాజాబీ విని, నీకెట్ల తెలుసు అనింది. రాసింది నేనేనని చెప్పాను. సగం కోసేశారని, నేను సంతకం చేశానని, అన్నీ చెప్పాను.

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. కోపంగా అరిచి ఉంటే నాకు తేలికయ్యేది. అటు తిరిగే అడిగింది.

“ముప్పై ఏండ్లుగా వంట చేస్తాండా. కడగని గిన్నెలో ఇంతవరకు ఏమీ పోయలేదు. ఎందుకు కడగగూడదో ఒక్క ముక్క ఎప్పుడన్నా రాసినావా నువ్వు?”

ఇంటికి వచ్చి పద్నాలుగో పేజీ తీసి చూశాను. ‘గిన్నెను ఎట్టి పరిస్థితులలోనూ నీటితో శుభ్రపరచరాదు.’ అంతే. ఎందుకో లేదు. తొమ్మిదేళ్లలో ఏడుసార్లు దిద్దాను. ఏడుసార్లూ లేదు.

177వ రోజు

పొద్దున్నే నీళ్ల మనిషి ఓబులేసు దగ్గరికి వెళ్లాను. వరుసలన్నిటికీ నీళ్లు వదిలే చక్రం అతని చేతిలో ఉంటుంది. రెండు గంటలు నీళ్లు ఆపమన్నాను. నీళ్లు ఆగితే కడగడం ఆగుతుంది, జనమంతా బిందెలతో పెద్ద తొట్టి దగ్గరికి వస్తారు. అందరూ ఒక్కచోట నాకు దొరుకుతారు.

కాగితం ఉందా అని అడిగాడు. లేదన్నాను. అయితే కుదరదన్నాడు. కాగితం లేకుండా చక్రం తిప్పితే ఉద్యోగం పోతుందట. ఎందుకు ఆపాలో మొదటి నుంచి చెప్పాను. మధ్యలో అతను నన్ను ఆపాడు. అతనికి చదువు రాదు. సుంకులమ్మ కథ అతనికి భార్య చదివి వినిపిస్తుంది.

“మా ఇంట్ల ఇంకా పొడి మార్చలేదక్కా. ఈ పొద్దు గిన్నె కడిగి పెడతా అనింది,” అంటూనే లేచి వెళ్లి చక్రం తిప్పాడు.

అరగంటలో తొట్టి చుట్టూ అడుగు పెట్టడానికి చోటు లేదు. బిందెలు, తిట్లు. నేను తొట్టి గట్టు ఎక్కాను. మా ఇంటి పెట్టెలోంచి తీసి, పాత పొడి దులిపి తెచ్చిన ఖాళీ గిన్నె చేతిలో ఉంది. సుంకులమ్మ కథ మిగతాది చెబుతానంటే ముందు వరుసలవాళ్లు ఊరుకున్నారు. వెనకవాళ్లను వాళ్లే ఊరుకోబెట్టారు.

రాసింది రాసినట్టు చెబుదామనే ఎక్కాను. చెప్పలేకపోయాను. సుంకులమ్మ గిన్నె కడిగిందన్నాను. అది ఉడికి చిమ్మిందని, చెయ్యి కాలిందని, ఒక కన్ను పోయిందని చెప్పాను. జనం ఒప్పుకోలేదు. ఆమెకు అట్ల కాదు, సరిగ్గా చెప్పు, అని ఎవరో అడ్డం వచ్చారు. నేను గిన్నెను గట్టు మీద పెట్టి, వెనక్కి జరిగి, చెంబుతో నీళ్లు పోశాను.

బుస్సుమంది. తెల్లటి నురగ మనిషి ఎత్తు లేచింది. చుక్క ఒకటి నా మణికట్టు మీద పడింది. ముందు వరుసలో ఉన్నవాళ్లు బిందెలు వదిలేసి వెనక్కి తోసుకున్నారు. అప్పుడు చెప్పాను. గిన్నె అడుగున ఉండేది సున్నం లాంటిది, నీళ్లు పడితే ఉడుకుతుంది, గుడ్డతో తుడిచి కొత్త పొడి పోస్తే చాలు.

ముందు నిలబడ్డ ముసలామె ఒకతె నన్ను చూసి తల కొట్టుకుంది.

“సున్నమని ముందే చెప్పొచ్చు గదమ్మా. సున్నం మిందకి నీళ్లు పోసేంత తెలివితక్కువ వాళ్లమా మేము?”

పుస్తకంలో నేను రాసిన మాట ‘క్షార మిశ్రమం’.

184వ రోజు

మొన్న 178న సభ కూర్చుంది. అజెండాలో మా దరఖాస్తుకు బదులు మా విచారణ ఉంది.

ఆ కాగితంలో చివరి వాక్యం రాసింది ఎవరని అడిగారు. నేనన్నాను. అక్కడ కత్తిరించింది ఎవరని అడిగారు. నేను నోరు తెరిచేలోగా మద్దిలేటి సార్ లేచారు. ఆ అమ్మాయి వద్దని గంటసేపు చెప్పింది, గీత గీసింది నేను, అని చెప్పి కూర్చున్నారు. ఆయన మీద నాలుగు రోజులుగా దాచుకున్న మాటలన్నీ నాకు పనికిరాకుండా పోయాయి.

నీళ్లు ఎందుకు ఆపావని ఓబులేసును అడిగారు. మళ్లీ జరిగితే మళ్లీ ఆపుతానన్నాడు. ఇంకేమైనా చెప్పుకునేది ఉందా అంటే, క్షమించమంటాడని అందరూ అనుకున్నారు. అతను అడిగింది వేరు.

“డిపోలో నిండు గిన్నె ఇచ్చి ఖాళీ గిన్నె తీసుకుంటే పోతాది గదా సార్. ఇంట్ల కడిగే పనేముంది?”

పెట్టెలు చేసే ఫ్యాక్టరీ తరఫున వచ్చిన ఆయన కాగితాల్లో ఏదో వెతుక్కున్నారు. నేనూ, మద్దిలేటి సారూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. తొమ్మిదేళ్లు కడగొద్దు, కడగొద్దు అని రాసినదాన్ని. ఈ ముక్క నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

తొట్టి దగ్గర చెప్పిన తర్వాత వారంలో కాలినవాళ్లు ఇద్దరు. ఆ ఇద్దరూ ఆ రోజు తొట్టి దగ్గరికి రాలేదు. మొత్తం ముప్పై నలుగురు.

201వ రోజు

మూతబిగించిన గిన్నెలు డిపోకు వచ్చాయి. ఖాళీది ఇచ్చి నిండుది తీసుకోవాలి, పెట్టెలోకి తోయాలి. చదవడానికి ఏమీ లేదు. పుస్తకాల విభాగాన్ని మూసేశారు. మద్దిలేటి సార్‌ను విత్తనాల గిడ్డంగికి పంపారు. ఓబులేసుకు నెల సస్పెన్షన్ వేసి, చక్రం సంగతి ఇంకెవరికీ సరిగ్గా తెలియక పదో రోజుకే వెనక్కి పిలిచారు. నన్ను మధ్యాహ్నం పూట పొడి డిపో కిటికీలో కూర్చోబెట్టారు.

కిటికీ దగ్గర రోజుకు పదిమంది అడుగుతారు, నాలుగో భాగం ఎప్పుడని. లేదంటే కోప్పడతారు. ఒకామె అయితే, చేతులు కాలితే కాలినాయి గానీ కథ ఆపేస్తారా, అని గట్టిగానే దెబ్బలాడింది. ఆమె చేతికి కట్టు ఇంకా ఉంది. నేను గిన్నె ఇచ్చి పంపేశాను.

206వ రోజు

ఖాజాబీ వంటశాల తెరిచింది. కుడి కన్ను పోయింది. కుడిచేతి వేళ్లు ముడుచుకోవు. కూరలు, పచ్చళ్లు ఎడమచేత్తో ఎలాగో చేస్తోంది. సంగటి మాత్రం కాదు, దానికి తెడ్డు గట్టిగా పట్టి రెండు చేతుల బలంతో కెలకాలి. మొదటి రోజు ముద్ద ఉండలు కట్టింది. తినేవాళ్లు ఏమీ అనకుండా తిన్నారు. అది చూసి ఆమె లోపలికి వెళ్లిపోయింది.

వెనకాలే వెళ్లాను. క్షమించమని అడగడానికే వెళ్లాను, మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె రెండో మాటకే ఆపింది.

“నీ మింద కోపం పోలేదు. పోయినప్పుడు నేనే చెప్తా. అంతవరకు పొద్దున్నే వచ్చి సంగటి కెలికిపో.”

248వ రోజు

విభాగం మూసేశాక రోజుపుస్తకం ఎవరూ అడగడం లేదు. అయినా రాస్తున్నాను.

పొద్దున్నే ఆరుకు వెళతాను. పిండి ఎప్పుడు పోయాలో, ఎసరు ఎప్పుడు చాలో ఆమె పక్కన నిలబడి చెబుతుంది. నేను కెలుకుతాను. మొదటి పది రోజులు నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఇప్పుడు లేవు. ఉండలు కట్టడం కూడా తగ్గింది. మొన్న ఒకసారి ఆమె పక్కింటావిడ గొడవ ఏదో మొదలుపెట్టి, నేను కెలకడం ఆపి వింటున్నానని గమనించి, అడుగంటుతోంది చూడు అని కసిరింది.

నలభై రెండు రోజులైంది. కోపం పోయిందని ఈ రోజు కూడా ఆమె చెప్పలేదు.